మంచుదేశంలో తురకలు

తెలుగులో మనకున్న పేర్లన్నిటిలోకి పాతది 'తురక'. మన గేరిని తురకగేరి అన్నారు. ఇంట్లో అమ్మీతో మాట్లాడుకునే ఉర్దూను తురకం అన్నారు. సామెతల్లో ఆ మాటను ఎట్లా వాడుకున్నారో ఇక్కడ మళ్లీ రాయనక్కర్లేదు, చదివేవాళ్లకు తెలుసు. మన తాతముత్తాతల్లో తుర్కీ దేశం మొహం చూసినవాళ్లు ఎవరున్నారు? దూది ఏకినవాళ్లు, గాజులు అమ్మినవాళ్లు, టాంగా తోలినవాళ్లు, కసాబులు, పీర్ల చావడి ముందు అలావా తవ్వినవాళ్లు - అందరూ ఈ నేల మీదే పుట్టి ఈ నేలలోనే ఖబర్‌లోకి దిగినవాళ్లు. అయినా తురకలే. ఈ మాట భూమికి ఉత్తరపు కొసన, సముద్రం మధ్య ఒక మంచుదేశంలో కూడా మన కోసం కాచుకుని కూర్చుంది.

ఆ దేశం ఐస్‌లాండ్. పేరులో మంచు ఉందిగానీ కడుపులో అంతా నిప్పు. లక్షా మూడు వేల చదరపు కిలోమీటర్ల నేల, అంటే తెలంగాణ కన్నా కాస్త చిన్నది. మనుషులు నాలుగు లక్షలకు లోపే. హైదరాబాద్ పాతబస్తీలోనే అంతకు ఎన్నో రెట్ల జనం ఉంటారు. 2023 జూన్‌లో మేమిద్దరం, ఇద్దరి పేర్లూ అరబీవే, పది రోజులు ఆ దేశంలో తిరిగాం.

సెక్యులర్ మిత్రులు ఈ ముక్క దగ్గరే ఆగి, అస్తిత్వం గురించి రాయమంటే విహారయాత్ర రాస్తున్నారేమిటని అడగవచ్చు. కొండను ఉత్త కొండగా, జలపాతాన్ని ఉత్త జలపాతంగా చూసి ఇంటికి పోయే సుఖం అందరికీ ఒకేలా దక్కుతుందా? మా ప్రశ్న అదే. మన తెలుగులో యాత్రా సాహిత్యం రాసినవాళ్లలో ఎక్కువమందికి ఆ సుఖం అడగకుండానే దక్కింది. 'మీరు ఎవరు, ఎక్కడి నుంచి వచ్చారు, నిజంగా ఎక్కడి నుంచి' అని మూడోసారి అడిగించుకున్నవాడు చూసే కొండ వేరు.

ముందు చూసింది చెప్పాలి. దేశం చుట్టూ ఒకే ఒక రింగు రోడ్డు, 1,300 కిలోమీటర్ల పైచిలుకు, 1974లో పూర్తయింది. దాని మీద పోతుంటే ఒకపక్క సముద్రం, ఇంకోపక్క నల్లటి లావా మైదానాలు. ఆ లావా మీద వేలెడు మందాన బూడిదాకుపచ్చ నాచు. దాన్ని తొక్కితే మళ్లీ మొలవడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుందని అక్కడివాళ్లు గట్టిగా చెబుతారు. ఆగ్నేయాన వాత్నాయోకుల్ అనే హిమానీనదం. దేశంలో దాదాపు పన్నెండో వంతు అదే. దాని నాలుక చివర కరిగి ఒక సరస్సు అయింది. పేరు యోకుల్సార్లోన్. ఇళ్లంత మంచు గడ్డలు నీలంగా, అక్కడక్కడా బూడిద చారలతో, దానిలో తిరుగుతుంటాయి. ఆ నీలం మనకు తెలిసిన నీలం కాదు. ఏళ్ల తరబడి ఒత్తుకుని ఒత్తుకుని గాలి బుడగలు పోయిన మంచు ఎరుపు కాంతిని మింగేసి నీలాన్ని వదులుతుందట. గడ్డలు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తాయి, తరువాత సముద్రంలోకి పోయి నల్ల ఇసుక మీద ముక్కలై పడతాయి. ఆ ఇసుక మీద మేము అసర్ నమాజు చేశాం. భూమి అంతా సజ్దాకు పనికొచ్చేదేనన్నది మన నమ్మకం. ఆ మాటను చిన్నప్పటి నుంచి విన్నాంగానీ, కాళ్ల కింద మంచు ముక్కలు కరుగుతుంటే దాని బరువు వేరు.

దిక్కు సంగతి కూడా చెప్పాలి. మన దగ్గర పడమర తిరిగి నమాజు చేస్తాం. 'పడమర మొక్కేటోళ్లు' అని మనకింకో పేరుంది, సూర్యుడికి ఎదురు తిరిగినవాళ్లమన్నట్టు. ఐస్‌లాండ్‌లో ఖిబ్లా తూర్పుకు, కొంచెం దక్షిణంగా. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తూర్పు తిరిగి నిలబడ్డాం. పడమరకు గానీ తూర్పుకు గానీ సొంతంగా ఏ మహిమా లేదు. మనం ఎక్కడ నిలబడ్డామన్న దాన్నిబట్టి అది మారుతుంది. దీన్ని వివరించి చెబితే మన ఊళ్లో నమ్మని వాళ్లున్నారు.

వేళ సంగతి ఇంకా చిక్కు. రాజధాని రెక్యావిక్‌లో జూన్ మూడో వారంలో సూర్యుడు అర్ధరాత్రి దాటాక గుంకి, మూడు కాకముందే మళ్లీ లేస్తాడు. మధ్యలో చీకటి అంటూ పడదు. మగ్రిబ్ అయింది, ఇషా ఎప్పుడు? ఫజర్ ఎప్పుడు? 2015 నుంచి 2018 దాకా రంజాన్ జూన్‌లో కూడా పడినప్పుడు అక్కడి ముస్లింల రోజా ఇరవై రెండు గంటల దగ్గరికి పోయింది. కొందరు కంటికి కనిపించే సూర్యుణ్ణే నమ్మి ఉపవాసమున్నారు, కొందరు దక్షిణాన ఉన్న ఊళ్ల వేళలు పాటించారు. రెండు పక్షాలకూ ఆలిములున్నారు. ఇది కొత్త చిక్కేమీ కాదు. 922లో బాగ్దాద్ ఖలీఫా దూతగా వోల్గా నది ఒడ్డున బుల్గార్ల దగ్గరికి పోయిన ఇబ్న్ ఫద్లాన్ దీన్ని రాసిపెట్టాడు. డేరాలో ఒక బాగ్దాదీ దర్జీతో కబుర్లాడుతూ ఇషా అజాన్ కోసం చూస్తుంటే అజాన్ వినబడింది. బయటికి వచ్చి చూస్తే తెల్లవారింది, అది ఫజర్ అజాన్. ఇషా ఏమయిందని అడిగితే, దాన్ని మగ్రిబ్‌తో కలిపి చదువుకుంటామని ముఅజ్జిన్ చెప్పాడు. ఇబ్న్ ఫద్లాన్ అతన్ని కాఫిర్ అనలేదు. మన మతంలో ఏదీ మారదని మన ముల్లాలూ అంటారు, మనల్ని తిట్టేవాళ్లూ అంటారు. ఈ ఒక్క విషయంలో ఇద్దరికీ భలే ఒప్పందం.

రెక్యావిక్ నుంచి గంట లోపు ప్రయాణంలో థింగ్‌వెల్లిర్ ఉంది. అమెరికా ఖండాన్ని మోసే పలక, యూరప్ ఖండాన్ని మోసే పలక ఇక్కడ ఏటా దాదాపు రెండు సెంటీమీటర్ల చొప్పున విడిపోతున్నాయి. నేల నెర్రెలిచ్చి, గోడల్లాంటి నల్ల రాళ్ల మధ్య దారి అయింది. ఆ దారిలో నడిచి పోవచ్చు. అటు చెయ్యి వేస్తే ఒక ఖండమనీ ఇటు వేస్తే ఇంకో ఖండమనీ ఫొటోలు దిగుతారు. నిజానికి ఆ విడిపోవడం ఒక గీత మీద కాదు, కిలోమీటర్ల వెడల్పున జరుగుతోంది. గీత గీసి చూపితేగానీ మనుషులకు తృప్తి ఉండదు.

హైదరాబాద్ గుట్టల గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. అంత పాత రాయి మీద పుట్టి పెరిగిన మనల్ని బయటివాళ్లని అంటారు. ఐస్‌లాండ్ నేలలో ఎంత పాతదనుకున్నా రెండు కోట్ల ఏళ్లు దాటదు. కొంత నేల మా కన్నా చాలా పెద్దదేమీ కాదు. దక్షిణాన సుర్ట్‌సే అనే దీవి 1963 నవంబరులో సముద్రంలోంచి లేచింది, 1967 దాకా పెరిగింది. ఇంకో సంగతి. వికారాబాద్, జహీరాబాద్, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి కింద ఉన్నదీ ఇదే బేసల్ట్ రాయి. దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ల కింద దక్కన్ మీద పారిన లావా. పత్తి పండే ఆ నేల కూడా ఒకనాడు ఇట్లాగే నల్లగా, ఒక్క చెట్టు లేకుండా ఉండి ఉంటుంది. 'మట్టిబిడ్డలు' అనే మాటను ఎంత గర్వంగా వాడతారో! మట్టి కూడా ఎక్కడి నుంచో వచ్చిందే.

థింగ్‌వెల్లిర్‌లో 930లో దేశం మొత్తానికి ఒక సభ పెట్టుకున్నారు. దాని పేరు ఆల్థింగ్. రాజు లేడు, ఎండాకాలంలో అందరూ గుర్రాల మీద వచ్చి డేరాలు వేసుకుని, చట్టం చెప్పించుకుని, తగాదాలు తీర్చుకుని పోయేవారు. సుమారు 1000లో అక్కడ కొత్త మతానికీ పాత మతానికీ కత్తులు దూసుకునే దాకా వచ్చింది. తీర్పు చెప్పే బాధ్యత థోర్‌గేర్ అనే పాత మతస్తుడి మీద పడింది. ఆయన ఒక పగలూ రాత్రీ దుప్పటి కప్పుకుని పడుకుని, లేచి, చట్టం ఒక్కటే ఉండాలి, అందరూ క్రైస్తవం తీసుకోవాలన్నాడు. కానీ పాతవాళ్లు గుర్రం మాంసం తినొచ్చు, ఇంట్లో చాటుగా పాత దేవుళ్లకు బలి ఇచ్చుకోవచ్చు అని కూడా అన్నాడు. కొన్నేళ్లకే ఆ మినహాయింపులు పోయాయి, అది వేరే సంగతి. 2024లో ఉత్తరాఖండ్ అసెంబ్లీ ఉమ్మడి పౌరస్మృతి చట్టం చేసినప్పటి నుంచి 'ఒకే దేశం, ఒకే చట్టం' అంటున్న మిత్రులు ఒక్క వివరం గమనించాలి. ఒకే చట్టం అన్నవాడు వదులుకున్నది తన మతాన్ని, ఎదుటివాడిది కాదు.

ఇక ఆ దేశానికి మొదట ఎవరు వచ్చారన్న ప్రశ్న. ఐస్‌లాండ్‌లో మూలవాసులంటూ లేరు. తొమ్మిదో శతాబ్దం చివర నార్వే నుంచి ఇంగోల్ఫుర్ ఆర్నార్సన్ వచ్చి స్థిరపడ్డాడంటారు. ఎవరెవరు ఎక్కడి నుంచి వచ్చారో, ఏ లోయలో దిగారో రాసిపెట్టిన ఒక పుస్తకమే ఉంది. లాండ్‌నామాబోక్, అంటే నేల తీసుకున్న పుస్తకం. నాలుగు వందల మందికి పైగా వలసదారుల లెక్క దానిలో ఉంది. మేము వలస వచ్చాం అని తమ చరిత్ర మొదటి పేజీలోనే రాసుకున్న జాతి! ఇది చదివితే మాకు సంతోషమేసింది, కొంత అసూయ కూడా వేసింది. 2019లో మన దేశంలో పౌరసత్వ చట్టాన్ని సవరించి, పొరుగు దేశాల నుంచి వచ్చినవాళ్లలో ఎవరెవరి మతానికి తలుపు తెరవాలో జాబితా రాసి మన పేరు వదిలేశారు. ఆ చలికాలం ఇంటింటా తాతల సర్టిఫికెట్లు వెతుక్కున్నాం. మన హనఫీ ఫిఖా ప్రకారం పదిహేను రోజులు ఉండాలనే నియ్యత్‌తో ఒక ఊళ్లో దిగినవాడు ఇక ముసాఫిర్ కాడు, ముఖీం. అతని నమాజుకు తగ్గింపు ఉండదు, పూర్తిగా చదవాలి. షరియత్ దృష్టిలో పదిహేను రోజులు చాలినది మన దగ్గర ఏడెనిమిది వందల ఏళ్లకు కూడా చాలలేదు.

కానీ ఐస్‌లాండ్‌ను కూడా అమాయకంగా మెచ్చుకోలేం. నార్వేవాళ్ల కన్నా ముందే అక్కడ ఐరిష్ సన్యాసులు ఉండేవారని వాళ్ల మొదటి చరిత్రకారుడు ఆరి రాశాడు. అన్యమతస్తులతో కలిసి ఉండలేక, పుస్తకాలూ గంటలూ వదిలేసి పోయారట. వచ్చినవాళ్లు ఐర్లండ్, స్కాట్లండ్ తీరాల నుంచి బానిసలను పట్టుకుని వచ్చారు. ఈనాటి ఐస్‌లాండ్ వాళ్ల జన్యువులు చూస్తే తండ్రుల వరుస ఎక్కువగా నార్వేకు, తల్లుల వరుస సగానికి పైగా బ్రిటిష్ దీవులకు పోతుంది. ఆ తల్లులందరూ ఇష్టపడి పడవెక్కలేదు. లాండ్‌నామాబోక్ ప్రతుల్లో ఒకదానిలో, ఈ పుస్తకం ఎందుకు రాస్తున్నామో చెప్పారు: మీరు బానిసల సంతానం, దుర్మార్గుల సంతానం అని బయటివాళ్లు ఎత్తిపొడిస్తే జవాబు చెప్పడానికట. ఎత్తిపొడుపుకు జవాబు చెప్పే తొందరలో అమ్మల పేర్లు జారిపోయాయి. మనలోనూ అష్రాఫ్ ఇళ్లలో అరబ్బు నుంచి వచ్చామని షజరాలు రాయించుకున్నవాళ్లున్నారు. తండ్రుల వరుస మక్కా దాకా పోతుంది, తల్లుల వరుస మాత్రం ఊరి పొలిమేర దాటదు.

'మనిషి చెయ్యి తగలని ప్రకృతి' అని టూరిస్టు పుస్తకాలు రాసే ఆ బోడి కొండలు కూడా అట్లాంటివే. ఆరి రాసినదాని ప్రకారం మొదట్లో కొండకూ తీరానికీ మధ్య అడవులుండేవి. నేలలో నాలుగో వంతు దాకా బిర్చి చెట్లు ఉండేవని ఇప్పటి అంచనా. వచ్చినవాళ్లు నరికారు, కాల్చారు, గొర్రెలు మేపారు. పలుచని అగ్నిపర్వతపు మట్టి గాలికి లేచిపోయింది. ఇప్పుడు అడవి రెండు శాతం. మనం చూసి 'సుభానల్లా' అనే ఆ శూన్యంలో సగం అల్లా చేసింది, సగం గొర్రెలు చేసినవి. ఇది తెలిసినంత మాత్రాన అందం తగ్గదు. కానీ చూపు మారుతుంది.

మేము వెళ్లిన నెలలో ఆ బోడి నేల మీద కిలోమీటర్ల కొద్దీ ఊదా రంగు పూలు విరబూసి ఉన్నాయి. లూపిన్ మొక్క. మట్టి కొట్టుకుపోకుండా ఆపడానికి 1945లో అలాస్కా నుంచి విత్తనాలు తెచ్చి చల్లారు. అది గాలిలోని నత్రజనిని నేలకిస్తుంది, ఇసుకను మట్టి చేస్తుంది. ఇప్పుడు దాని మీద దేశంలో పెద్ద తగాదా. మన నేలను బతికించిందని కొందరు, మన నాచునూ మన పొదలనూ మింగేస్తోంది, పీకేయాలని కొందరు. ప్రభుత్వమే దాన్ని ఆక్రమణ జాతి అంది. 'పరాయిది', 'పాకిపోతోంది', 'దీని సంతానం ఆగదు' - ఒక మొక్క గురించి ఈ మాటలు వింటుంటే మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వృక్షశాస్త్రజ్ఞుల భయాల్లో నిజం ఉంది, దాన్ని కాదనం. మొక్కకు చెల్లే లెక్క మనిషికి చెల్లదని మాత్రం గట్టిగా చెప్పాలి. మన దేశంలో మనిషి మీదే ఆ మాటలన్నీ ముందు పుట్టాయి.

ఇక తురకల సంగతి.

1627 వేసవిలో ఉత్తర ఆఫ్రికా నుంచి ఓడలు ఐస్‌లాండ్ మీద పడ్డాయి. మొరాకో తీరంలోని సలే నుంచి వచ్చినవాళ్లు గ్రిందావిక్ అనే బెస్తల ఊరిని దోచారు. అల్జీర్స్ నుంచి వచ్చినవాళ్లు తూర్పు తీరాన్నీ, జూలైలో దక్షిణాన వెస్ట్‌మాన్ దీవుల్లోని హేమాయి ఊరినీ దోచారు. పదుల సంఖ్యలో చంపారు, దాదాపు 400 మందిని పట్టుకుపోయి సంతల్లో అమ్మారు. ఐస్‌లాండ్ వాళ్లు దీన్ని తిర్క్యారానిద్ అంటారు. అంటే తురకల దోపిడి. హేమాయిలో వాళ్లు దిగిన కొసకు దొంగల కొస అని పేరు. జనం దాక్కున్న గుహకు వందమంది గుహ అని పేరు. ఒక కుక్క వాళ్ల జాడ పట్టించిందని కథ చెబుతారు. దీవిలో మా గుంపుకు దారి చూపిన అమ్మాయి 'టర్కులు' అని మొదలుపెట్టి, మా పేర్లు గుర్తొచ్చి కాబోలు, ఒక్క క్షణం ఆగింది. తరువాత చెప్పింది: నిజానికి వాళ్లలో చాలామంది టర్కులు కారు. పాపం, ఆ ఆగడం మా కోసమే.

ఆమె చెప్పింది నిజం. గ్రిందావిక్ దోపిడికి నాయకుడని చెప్పే మురాద్ రయీస్ అసలు పేరు యాన్ యాన్సూన్, హాలండ్‌లోని హార్లెమ్ వాడు, బందీగా పోయి మతం మారాడు. ఓడల మీద యూరపు మనుషులు చాలామంది ఉన్నారు. హేమాయి పాస్టరు ఓలావుర్ ఎగిల్సన్‌ను భార్యాపిల్లలతో సహా అల్జీర్స్ పట్టుకుపోయారు. డెన్మార్క్ రాజు దగ్గర సొమ్ము తెమ్మని అదే ఏడాది వదిలేశారు. ఆయన రాసిన ప్రయాణ కథనం దొరుకుతోంది. పిల్లలను పోగొట్టుకున్న ఆ మనిషి, పుట్టుకతో తురకలైనవాళ్లు నెమ్మదైనవాళ్లనీ, మతం మార్చుకుని వచ్చినవాళ్లే అందరికన్నా క్రూరులనీ రాశాడు. తన మీద దాడి చేసినవాళ్లను విడదీసి చూడగలిగాడంటే సామాన్యం కాదు. ఆ పని చేయడానికి ఇవాళ మన టీవీ చానెళ్లలో ఎవరికీ తీరిక లేదు.

అయితే, 'వాళ్లు అసలు తురకలు కారు' అనగానే మన మీద నుంచి బరువు దిగిపోయినట్టు ఊపిరి పీల్చుకోవాలా? మాకు అక్కడే అభ్యంతరం. ఒకవేళ అందరూ తురకలే అయ్యుంటే? అందరూ ఐదు పూటలా నమాజు చేసేవాళ్లే అయ్యుంటే? అప్పుడు 2023లో హేమాయి ఒడ్డున నిలబడ్డ ఇద్దరు తెలంగాణవాళ్లు తల దించుకోవాలా? 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూల్చినప్పుడు గోడల మీద రాసిన నినాదం మనల్ని బాబర్ సంతానమంది. మన సెక్యులర్ మిత్రులు మంచి మనసుతోనే వాదించారు: బాబర్ గుడి కూల్చలేదు, ఆధారాలు లేవు అని. చరిత్రకారులు ఆ వాదన చేయాల్సిందే, అది వాళ్ల పని. మన పని అది కాదు. బాబర్ కూల్చాడా లేదా అన్నదాని మీద మన పౌరసత్వం ఆధారపడి ఉందని ఒప్పుకుంటే, రేపు ఏదో తవ్వకంలో ఏదో దొరికితే మన ఇల్లు కూలగొట్టడానికి మనమే సంతకం పెట్టినట్టు. పేరు కలిసినంత మాత్రాన పాపం కలవదు. ఒకడి భారాన్ని ఇంకొకడు మోయడని ఖురాన్ ఎన్నోసార్లు చెబుతుంది. ఆధునిక న్యాయశాస్త్రమూ అదే చెబుతుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది, దాన్ని మనవాళ్లు వినడానికి ఇష్టపడరు. పాపం కలవకపోతే ఘనతా కలవదు. అల్జీర్స్ నావికుల సాహసాలను చెప్పుకుని మీసం మెలేసేవాళ్లు, గోల్కొండ కోట చూసి 'మనం కట్టింది' అనేవాళ్లు, ఆ 400 మంది గురించి అడిగితే 'మాకేం సంబంధం' అనడం కుదరదు. కోట కట్టింది రాళ్లు మోసిన వడ్డెరలు. దోచింది దొంగలు. మన తాత ఆ రెండు రోజుల్లోనూ దూది ఏకుతూ ఉన్నాడు. అసలు ఆ 400 మంది కోసం బాధపడటానికి నేరస్తుడితో చుట్టరికం ఉండాల్సిన పనేముంది? ఆ గుహ ముందు నిలబడి మేము ఫాతిహా చదివాం. క్షమాపణగా చదవలేదు. చనిపోయినవాళ్లకు చదివేదే చదివాం.

ఆ దీవుల పేరు సంగతి కూడా చూడండి. వెస్ట్‌మాన్ అంటే పడమటివాళ్లు, ఐరిష్‌వాళ్లు. ఇంగోల్ఫుర్ అన్నలా చూసుకున్న హ్యోర్లేఫుర్ తెచ్చిన ఐరిష్ బానిసలు, తమను ఎడ్లలా నాగలికి కట్టాడని తిరగబడి అతన్ని చంపి ఈ దీవులకు పారిపోయారు. ఇంగోల్ఫుర్ వచ్చి వాళ్లను వెతికి చంపాడు. అట్లా ఆ పేరు వచ్చిందని లాండ్‌నామాబోక్ చెబుతుంది. అంటే పట్టుకొచ్చిన బానిసలను చంపిన చోటే, ఏడున్నర వందల ఏళ్ల తరువాత ఇంకెవరో వచ్చి బానిసలను పట్టుకుపోయారు. మొదటిది దీవి పేరులో నిద్రపోతోంది, రెండోది పండగలా ఏటా గుర్తొస్తుందని మేము అనం. ఆ దేశం వాళ్లు తమ వైకింగుల గురించి మన కన్నా నిజాయితీగానే రాసుకుంటున్నారు. కానీ ఏ దుఃఖానికి బోర్డు పెట్టాలో, ఏ దుఃఖాన్ని ఊరి పేరుగా మిగల్చాలో ఎవరు నిర్ణయిస్తారు? చుండూరు, కారంచేడు తెలిసిన తెలుగు పాఠకులకు ఈ ప్రశ్న విడమర్చి చెప్పక్కర్లేదు.

గుర్తుంచుకోవడం ఎట్లా ఉంటుందో అదే దీవిలో ఇంకో చోట చూశాం. 1973 జనవరి 23 రాత్రి ఊరి అంచున నేల చీలి లావా లేచింది. ఐదు వేల పైచిలుకు జనం. ముందురోజు తుపాను వల్ల చేపల పడవలన్నీ రేవులోనే ఉన్నాయి, ఒక్క రాత్రిలో అందరినీ దాటించాయి. దాదాపు 400 ఇళ్లు పోయాయి. రేవు మూసుకుపోకుండా నెలల తరబడి సముద్రపు నీళ్లు చల్లి లావాను గడ్డ కట్టించారు. బూడిదలోంచి తవ్వి తీసిన ఒక ఇంటి చుట్టూ మ్యూజియం కట్టారు. వంటింటి గిన్నెలు అట్లాగే ఉన్నాయి. అక్కడ ఎవరి మీదా కోపం లేదు. కొండ మతం ఏమిటని ఎవరూ అడగలేదు.

మేము గ్రిందావిక్ మీదుగా కూడా పోయాం. క్రైస్తవుల రక్తమూ తురకల రక్తమూ కలిసిన చోట మొలిచిందని చెప్పే ఒక ముళ్ల మొక్క అక్కడి జానపద కథల్లో ఉంది. మేము తిరిగొచ్చిన అయిదు నెలలకు, 2023 నవంబరు 10 రాత్రి, దాదాపు 3,800 మంది ఉన్న ఆ ఊరిని మొత్తం ఖాళీ చేయించారు. నేల చీలింది. 2024 జనవరి 14న లావా ఊళ్లోకి వచ్చి మూడు ఇళ్లను కాల్చింది. టీవీలో చూస్తూ దువా చేశాం. 1627 తురకలు గుర్తొచ్చారు కూడా. కానీ అప్పటికి వాళ్లు నాలుగు వందల ఏళ్ల దూరాన ఉన్నారు, ఇళ్లు వదిలి దిండ్లు చంకన పెట్టుకుని కార్లెక్కినవాళ్లు కళ్ల ముందున్నారు.

ఈ దేశాన్ని స్వర్గమని రాయలేదు, రాయం. అక్కడి ముస్లింలు 1997లో ఒక సంఘం పెట్టుకున్నారు. 2013లో రెక్యావిక్ నగరపాలక సంస్థ మసీదుకు స్థలం ఇచ్చింది. అదే ఏడాది నవంబరులో ఎవరో ఆ స్థలంలో పంది తలలు పడేసి పోయారు. వినగానే ఎంత పాత పద్ధతి అనిపించింది! మన ఊళ్లలో ఇది చేసేవాళ్లు ఐస్‌లాండ్ పేరైనా విని ఉండరు, అక్కడ చేసినవాళ్లు మన ఊళ్ల పేర్లు విని ఉండరు. ఎవరు ఎవరికి నేర్పారో!

గుడ్రిడుర్ సిమొనార్దొత్తిర్ అనే బెస్త ఇల్లాలి గురించి చెప్పాలి. 1627లో హేమాయి నుంచి చిన్న కొడుకుతో సహా అల్జీర్స్ పట్టుకుపోయారు. తొమ్మిదేళ్లు బానిసగా ఉంది. 1636లో డెన్మార్క్ రాజు సొమ్ము కట్టి విడిపించిన కొద్దిమందిలో ఆమె ఉంది. మొదటి భర్త అప్పటికే చనిపోయాడు. తిరిగొచ్చినవాళ్లకు మళ్లీ క్రైస్తవం నేర్పడానికి కోపెన్‌హేగన్‌లో ఒక విద్యార్థిని పెట్టారు, ఆమె కన్నా పదహారేళ్లు చిన్నవాడు. ఇద్దరూ ప్రేమించుకుని పెళ్లి చేసుకున్నారు. ఆ కుర్రవాడే ఐస్‌లాండ్ మహాకవి హాల్‌గ్రిముర్ పేతుర్సన్. రెక్యావిక్‌లో ఎటు నుంచి చూసినా కనిపించే, బేసల్ట్ స్తంభాల్లా కట్టిన 74 మీటర్ల చర్చి ఆయన పేరు మీదే ఉంది. ఆమెకు మాత్రం జనం పెట్టిన పేరు తిర్క్యా-గుడ్డా. తురక గుడ్డా! అల్జీర్స్ నుంచి ఒక విగ్రహం తెచ్చుకుందనీ, భర్త చర్చిలో ప్రసంగం చేస్తుంటే ఇంట్లో చాటుగా దానికి మొక్కుతుందనీ చెప్పుకున్నారు. తురకలు విగ్రహానికి మొక్కుతారా అని అడిగినవాళ్లు లేరు. 2001లో స్తేనున్ యోహానెస్దొత్తిర్ అనే రచయిత్రి ఆమె మీద నవల రాసేదాకా ఆ పుకార్ల నీడ ఆమె మీద ఉంది.

తురకల చేత బానిస అయినది ఆమె, చివరికి తురక అయినదీ ఆమే. హేమాయిలో ఆమె విగ్రహం ఉంది. కొడుకు సోల్ముందుర్ వెనక్కి రాలేదు. అల్జీర్స్‌లోనే ఉండిపోయాడు. బతికుంటే అక్కడే పెరిగి, అరబీ మాట్లాడి, తూర్పు తిరిగి నమాజు చేసి, పిల్లలను కని ఉంటాడు. వాళ్ల పిల్లల పిల్లలెవరైనా ఒక వేసవిలో మాలాగే హేమాయి రేవులో దిగితే, వాళ్లను ఏమని పిలుస్తారు?